సాల్వ్ నొక్కితే వచ్చేది ఏ ప్రశ్నకు జవాబు?

క్లుప్తంగా: సమీకరణాలను అక్షరాలతోనే సాధించే సాఫ్ట్‌వేర్ (మేథమెటికా, మేపుల్, మాక్సిమా, సింపై లాంటివి) తప్పు జవాబివ్వడం అరుదు. మనం అడిగామనుకున్న ప్రశ్న ఒకటి, అది జవాబు చెప్పిన ప్రశ్న మరొకటి కావడమే తరచు జరుగుతుంది. ప్రత్యేక సందర్భాలు జారిపోవడం, వాస్తవ సంఖ్యకు కల్పిత సంఖ్య వేషం రావడం, పేజీల కొద్దీ సమాసాలు, ఖాళీ జాబితా: వీటిలో ప్రతిదానికీ లోపల జరిగే పనిలో ఒక నిర్దిష్టమైన కారణం ఉంది.

మాదీఫలాలు, వెలగపండ్లు

తొమ్మిదో శతాబ్దంలో రాష్ట్రకూట అమోఘవర్షుడి కాలంలో మహావీరాచార్యుడు గణితసారసంగ్రహం రాశాడు. పదకొండో శతాబ్దంలో పావులూరి మల్లన తెలుగులోకి తెచ్చింది ఈ గ్రంథాన్నే. సంస్కృత మూలంలో ఒక లెక్క ఉంది. 9 మాదీఫలాలు, 7 వెలగపండ్లు కలిపి ధర 107. 7 మాదీఫలాలు, 9 వెలగపండ్లు కలిపి 101. ఒక్కో పండు ధర ఎంత?

ఏ సాఫ్ట్‌వేర్‌కి ఇచ్చినా మాదీఫలం 8, వెలగపండు 5 అని తక్షణం చెబుతుంది. ఇందులో విశేషం లేదు, చేత్తో చేసినా రెండు నిమిషాల పని. విశేషం మహావీరుడు చెప్పిన సూత్రంలో ఉంది. పెద్ద ధరను పెద్ద సంఖ్యతో గుణించి, అందులోంచి చిన్న ధర, చిన్న సంఖ్యల లబ్ధాన్ని తీసేసి, ఆ రెండు సంఖ్యల వర్గాల భేదంతో భాగించమన్నాడు. పండ్ల సంఖ్యలను పె, చి అని, మొత్తం ధరలను ధ₁, ధ₂ అని, ఒక్కో పండు ధరను మా, వె అని రాసుకుంటే (తెలియని రాశుల పేర్లైన యావత్తావత్తుకు యా, కాలకానికి కా అని తొలి అక్షరాలు వాడడం మన బీజగణితంలో పాత అలవాటే) లెక్క ఇలా ఉంటుంది:

పె·మా + చి·వె = ధ₁
చి·మా + పె·వె = ధ₂

మా = (పె·ధ₁ − చి·ధ₂) / (పె² − చి²)

963లోంచి 707 తీస్తే 256, దాన్ని 32తో భాగిస్తే 8. సంఖ్యలు వేయకముందే, ఇలాంటి లెక్కలన్నిటికీ ఒకేసారి జవాబు దొరికింది. సాఫ్ట్‌వేర్ భాషలో సింబాలిక్ సాల్వ్ అంటే ఇదే. దానికున్న బలం, చిక్కు రెండూ ఈ ఒక్క సూత్రంలోనే కనిపిస్తాయి.

హారంలోంచి జారిపోయిన సందర్భం

పై సూత్రానికి హారం పె² − చి². రెండు సంఖ్యలూ సమానమైతే అది సున్నా, సూత్రం పనిచేయదు. ఇది కళ్లకు కనిపిస్తూనే ఉంది కాబట్టి ప్రమాదం లేదు.

ఇప్పుడు రెండు బుట్టల ధరా ఒకటేననుకుందాం: ధ₁ = ధ₂ = ధ. అప్పుడు లవం ధ(పె − చి), హారం (పె − చి)(పె + చి). సాఫ్ట్‌వేర్ ఉమ్మడి కారణాంకాన్ని కొట్టేసి శుభ్రంగా ఇలా చూపిస్తుంది:

మా = వె = ధ / (పె + చి)

ఇందులో పె, చి సమానమైనా ఏ అభ్యంతరమూ కనిపించదు. రెండు బుట్టల్లోనూ 9 చొప్పున పండ్లు, ధర 108 అని వేస్తే ఒక్కోటి 6 అని వస్తుంది. అసలైతే రెండు సమీకరణాలూ ఒకటే అయిపోయాయి. 8, 4 అయినా సరిపోతుంది, 7, 5 అయినా సరిపోతుంది. అనంత సాధనలున్న చోట సూత్రం ఒక్కదాన్ని చూపించి ఊరుకుంది. కొట్టేసిన కారణాంకం జాడ జవాబులో ఎక్కడా మిగలదు.

దీన్ని దోషం అనలేం. మేథమెటికాలోని సాల్వ్ గాని, సింపైలోని సాల్వ్ గాని పరామితుల్ని (పె, చి లాగా విలువ వేయకుండా ఉంచిన అక్షరాల్ని) ‘ఏ ప్రత్యేక సంబంధమూ లేని అక్షరాలు’గానే తీసుకుంటాయి. కొట్టేయడానికి ముందు పె − చి సున్నానా అని అవి అడగవు. సందర్భాల వారీ విభజన కావాలంటే వేరే ఆదేశం ఇవ్వాలి. మేథమెటికాలో అది రెడ్యూస్. మేపుల్ సాల్వ్‌లో పారామెట్రిక్ అనే ఐచ్ఛికం ఉంది. మాట్‌లాబ్‌లో రిటర్న్‌కండిషన్స్ ఆన్ చేస్తే జవాబుతో పాటు షరతులూ వస్తాయి. ఈ పని ఖరీదైనది. పరామితులు పెరిగేకొద్దీ సందర్భాల చెట్టు కొమ్మలు వేస్తూ పోతుంది, అందుకే అడగనిదే చేయరు. చేతిలో రెడ్యూస్ లాంటిది లేనప్పుడు చవకైన ఉపాయం ఒకటుంది. రేఖీయ వ్యవస్థ అయితే గుణకాల నిర్ధారకాన్ని విడిగా అడిగి కారణాంకాలు చేయించడం. ఇక్కడ (పె − చి)(పె + చి) అని రాగానే ఎక్కడ జాగ్రత్తపడాలో తెలిసిపోతుంది.

అక్షరాల బరువు

రేఖీయ వ్యవస్థకు సింబాలిక్ జవాబు ఎప్పుడూ ఉంటుంది. దాన్ని చదవగలమా అన్నదే సమస్య. గుణకాలన్నీ విడివిడి అక్షరాలైతే నాలుగు తెలియని రాశులున్న వ్యవస్థ నిర్ధారకంలో 24 పదాలు, ఐదుకు 120, ఆరుకు 720. పదికి 36,28,800 పదాలు, ఒక్కోటి పది అక్షరాల లబ్ధం. ఇది హారం మాత్రమే. లవాలు ఇంకో పది ఉంటాయి.

సంఖ్యా గుణకాలతో కూడా మామూలు నిర్మూలన పద్ధతిలో భిన్నాలు మెట్టు మెట్టుకీ ఉబ్బుతాయి. దీన్ని అదుపు చేయడానికి భిన్నాలు లేని నిర్మూలన పద్ధతిని బారైస్ 1968లో ప్రచురించాడు. ప్రతి మెట్టులోనూ కిందటి మెట్టు పివట్‌తో (రాశిని తీసేయడానికి ఎంచుకున్న గుణకంతో) కచ్చితంగా భాగహారం కుదురుతుందన్న గమనిక దానికి ఆధారం. ఇప్పటికీ చాలా సాఫ్ట్‌వేర్‌లు లోపల వాడేది ఆ కుటుంబం పద్ధతులే. అయితే తుది జవాబే పెద్దదైనప్పుడు ఏ పద్ధతీ దాన్ని చిన్నది చేయలేదు. సర్క్యూట్ నోడ్ సమీకరణాల్లో ప్రతి రెసిస్టర్‌కీ ఓ అక్షరం పెట్టి, జవాబు పది పేజీలు వచ్చిందని సాఫ్ట్‌వేర్‌ని తిట్టుకోవడంలో అర్థం లేదు. ఆరాతీయాల్సిన ఒకటి రెండు విలువలకే అక్షరాలు ఉంచి, మిగతావాటికి భిన్న సంఖ్యలు వేస్తే అదే జవాబు ఒక్క వరుసలో వస్తుంది.

ఘాతాలు వచ్చినప్పుడు: గ్రోబ్నర్ బేసిస్

వర్గాలు, లబ్ధాలు ఉన్న సమీకరణాలకు గాస్ నిర్మూలన చాలదు. బ్రూనో బుక్‌బెర్గర్ 1965లో ఇన్స్‌బ్రుక్ విశ్వవిద్యాలయానికి సమర్పించిన సిద్ధాంత వ్యాసంలో ఇచ్చిన పద్ధతి నేటి సాఫ్ట్‌వేర్‌కి వెన్నెముక. తన గురువు వోల్ఫ్‌గాంగ్ గ్రోబ్నర్ పేరును దానికి పెట్టాడు. ఒక చిన్న ఉదాహరణలో దాని పనితనం చూడొచ్చు.

క² + చ² = 5
క·చ = 2

మొదటిదాన్ని చతో, రెండోదాన్ని కతో గుణిస్తే రెండింటిలోనూ క²చ అనే పదం వస్తుంది. ఒకదాన్లోంచి ఒకటి తీసేస్తే ఆ పెద్ద పదం పోయి చ³ = 5చ − 2క మిగులుతుంది. అంటే క = (5చ − చ³)/2. దీన్ని రెండో సమీకరణంలో వేస్తే చ⁴ − 5చ² + 4 = 0. ఇక ఉన్నది ఒకే తెలియని రాశి: చ = ±1, ±2. ప్రతి చకీ క దానంతటదే తేలుతుంది.

పద్ధతి సారం ఇంతే: రెండు సమీకరణాల్లో ముందున్న పదాల్ని సమం చేసి తీసేయడం, మిగిలినదాన్ని పాతవాటితో తగ్గించడం, కొత్తదేమైనా మిగిలితే జాబితాలో చేర్చడం, కొత్తది రాకుండా పోయేవరకూ ఇలాగే సాగడం. అలా చివరికి తేలే జాబితానే గ్రోబ్నర్ బేసిస్. ఏ పదాన్ని ‘ముందున్నది’ అనాలో నిర్ణయించే క్రమం మీదే ఖర్చంతా ఆధారపడి ఉంది. నిఘంటు క్రమం అడిగితే పైన వచ్చినట్టు మెట్లు మెట్లుగా, చివరి సమీకరణంలో ఒకే రాశితో ఫలితం వస్తుంది, కానీ మధ్యలో గుణకాలు వందల అంకెలకు పెరగొచ్చు. మొత్తం ఘాతాన్ని ముందు చూసే క్రమంలో పని సాధారణంగా చాలా తేలిక, అయితే ఫలితం మెట్లుగా ఉండదు. అందుకే అనుభవజ్ఞులు ముందు తేలిక క్రమంలో బేసిస్ తీసి, తర్వాత దాన్ని నిఘంటు క్రమంలోకి మారుస్తారు. సాధనలు పరిమితంగా ఉన్నప్పుడు ఈ మార్పిడికి 1993లో వచ్చిన ఎఫ్‌జీఎల్‌ఎం పద్ధతి ఉంది. ఫోజేర్ 1999లో ఎఫ్4, 2002లో ఎఫ్5 పద్ధతులతో అసలు లెక్కను కూడా బాగా వేగవంతం చేశాడు. ఇంత చేసినా కంప్యూటర్ గంటల తరబడి మౌనంగా ఉండిపోవడానికి కారణం ఉంది. అతి కఠినమైన సందర్భాల్లో ఈ పని రాశుల సంఖ్యతో పాటు ఘాతం మీద ఘాతంగా పెరగక తప్పదని మేయర్, మయర్ 1982లోనే చూపించారు.

సాధనల సంఖ్యే పెద్దదవుతుందన్నది మరో సంగతి. పది రాశుల్లో పది వర్గ సమీకరణాలుంటే, సాధనలు పరిమితమైనప్పుడు అవి 1,024 దాకా ఉండొచ్చు.

వాస్తవ సంఖ్యకు కల్పిత వేషం

రామానుజన్ పేరు తగిలించి వాట్సాప్‌లో తిరిగే ఒక లెక్క ఉంది:

√క + చ = 7
క + √చ = 11

క = 9, చ = 4 అని ఊహించేయవచ్చు. సాఫ్ట్‌వేర్ ఊహించదు. వర్గమూలాలకు గ, జ అని పేర్లు పెట్టి బహుపదులుగా మారుస్తుంది: గ + జ² = 7, గ² + జ = 11. జని తీసేస్తే

గ⁴ − 22గ² + గ + 114 = 0
(గ − 3)(గ³ + 3గ² − 13గ − 38) = 0

గ = 3 మనకు కావలసింది. మిగిలిన ఘన సమీకరణానికి మూడు మూలాలున్నాయి, మూడూ వాస్తవ సంఖ్యలే: సుమారు 3.584, −2.805, −3.779. వీటికి జతగా జ −1.848, 3.131, −3.283. ప్రతి జతలోనూ కనీసం ఒకటి రుణాత్మకం. గ, జ వర్గమూలాలు కాబట్టి రుణాత్మకం కాకూడదు, మూడు జతలూ కొట్టుకుపోతాయి. ఇవి వర్గం చేయడం వల్ల పుట్టిన అదనపు మూలాలు. సాఫ్ట్‌వేర్ ప్రతి అభ్యర్థినీ అసలు సమీకరణంలో వేసి చూసి వీటిని ఏరేస్తుంది. మనమే చేత్తో వర్గం చేసి బహుపదుల్ని ఇస్తే మాత్రం నాలుగూ తిరిగొస్తాయి. దానికి అసలు లెక్క తెలియదు కదా.

ఆ నాలుగింటినీ కరణుల్లో (వర్గమూలం, ఘనమూలం లాంటి గుర్తులతో) చూపించమంటే వచ్చే జవాబు చాలామందిని కంగారు పెడుతుంది. గ = త − 1 అని వేస్తే ఘన సమీకరణం త³ − 16త − 23 = 0 అవుతుంది. కార్డానో 1545లో ప్రచురించిన సూత్రంలో దీన్ని పెడితే వర్గమూలం కింద −2101/108 వస్తుంది. మూడు మూలాలూ వాస్తవమే అయినా, సూత్రం మాత్రం రుణసంఖ్య వర్గమూలం గుండానే నడుస్తుంది. దారి మార్చడానికి వీల్లేదు కూడా. అకరణీయ గుణకాలుండి, అకరణీయ సంఖ్యల్లో కారణాంకాలు కాని ఘన సమీకరణానికి మూడు వాస్తవ మూలాలుంటే, వాటిని వాస్తవ కరణులతో మాత్రమే రాయడం అసాధ్యమని నిరూపించారు. కాబట్టి తెరమీద కల్పిత సంఖ్య ఐ కనిపించినంత మాత్రాన మూలం సంకీర్ణ సంఖ్య అనుకోకూడదు. దాన్నే దశాంశాల్లోకి మారిస్తే 3.584 పక్కన పదికి మైనస్ ఇరవయ్యో ఘాతం స్థాయిలో కల్పిత భాగం తోకలా అంటుకుని రావొచ్చు. అది గుండ్రం చేయడంలో మిగిలిన చెత్త. దాన్ని ఊడ్చడానికి మేథమెటికాలో చాప్ ఆదేశం, సింపైలో ఇవాల్ఎఫ్‌కి చాప్ ఐచ్ఛికం ఉన్నాయి.

ఐ లేని రూపమే కావాలంటే త్రికోణమితి వాడాలి. ఇదే మూలం (8/√3)·కాస్((1/3)·ఆర్క్‌కాస్(69√3/128)) − 1.

సూత్రం లేదన్నంత మాత్రాన జవాబు లేనట్టు కాదు

నాలుగో ఘాతం దాటితే కరణుల సూత్రం సాధారణంగా ఉండదని ఆబెల్ 1824లో నిరూపించాడు. క⁵ − క − 1 = 0 దీనికి పేరుమోసిన ఉదాహరణ. మేపుల్‌లో రూట్‌ఆఫ్, మేథమెటికాలో రూట్, సింపైలో సీరూట్‌ఆఫ్ అని వచ్చేది ఇలాంటి చోట్లే. అది చేతులెత్తేయడం కాదు. ‘ఈ బహుపదికి ఇన్నో మూలం’ అన్నది కచ్చితమైన సంఖ్య. దానితో కూడికలు, పోలికలు చేయవచ్చు, వెయ్యి అంకెల దాకా లెక్కించవచ్చు. పై సమీకరణం ఏకైక వాస్తవ మూలం 1.1673 దగ్గర ఉంటుంది. చతుర్ఘాతానికి సూత్రం ఉన్నా అది పేజీ నిండా పరుచుకుంటుంది, దానికంటే రూట్‌ఆఫ్ రూపమే నయం. అందుకే వ్యవస్థల విషయంలో మేపుల్ మొదట దాన్నే ఇస్తుంది. కరణులే కావాలంటే ఎక్స్‌ప్లిసిట్ అని అడగాలి.

ఈ హద్దు యంత్రాల ఆకారాన్ని కూడా నిర్ణయించింది. తిరిగే కీళ్లు ఆరు ఉన్న రోబో చేయి ఒకే చోటికి ఒకే దిశలో చేరడానికి సాధారణ సందర్భంలో 16 భంగిమల దాకా ఉండొచ్చు, లెక్క 16వ ఘాత బహుపదికి చేరుతుంది. మణికట్టులోని మూడు అక్షాలూ ఒకే బిందువులో కలిసేలా చేస్తే అదే లెక్క నాలుగో ఘాతానికి మించదని పైపర్ 1968లో చూపించాడు. ఫ్యాక్టరీల్లో కనిపించే చేతులు ఎక్కువగా అలా ఉండడానికి ఇదొక ప్రధాన కారణం. సమీకరణాన్ని సాధించే దారి లేనిచోట యంత్రాన్నే సమీకరణానికి అనువుగా మలిచారన్నమాట.

దశాంశ బిందువు చేసే చేటు

సింబాలిక్ లెక్కలో అడుగడుగునా ‘ఈ గుణకం సున్నానా?’ అన్న ప్రశ్న ఉంటుంది. దశాంశాలు ఆ ప్రశ్ననే పాడుచేస్తాయి. కంప్యూటర్ ద్విసంఖ్యా రూపంలో 0.1 కచ్చితంగా ఇమడదు. 0.1 + 0.2 అంటే 0.30000000000000004 వస్తుంది. ఈ జత చూడండి:

క + చ = 1
(0.1 + 0.2)·క + 0.3·చ = 0.3

రెండోది మొదటిదానికి 0.3 రెట్లే, సాధనలు అనంతం. దశాంశాల్లో మాత్రం తీసివేసినప్పుడు సున్నా రావలసిన చోట 5.55 × 10⁻¹⁷ మిగులుతుంది. అది సున్నా కాదు కాబట్టి దానితోనే భాగించేసి, క = 0, చ = 1 అని ఒకే ఒక్క సాధన ధీమాగా చెప్పేస్తుంది.

మందు తేలికే, 0.1 బదులు 1/10 రాయడం. సింపైలో ఇక్కడే ఇంకో గుంట ఉంది. సింపై నడిచేది పైథాన్ భాషలో. అక్కడ 1/3 అని కొడితే అది సింపై చేతికి అందకముందే దశాంశం అయిపోతుంది. రేషనల్(1, 3) అని రాయాలి.

ఖాళీ జాబితా అంటే ఏమిటి

మేథమెటికా ఖాళీ కుండలీకరణాలిస్తే సాధన లేదని అర్థం. దానికి చేతకాకపోతే అడిగిన ప్రశ్ననే తిప్పి ముద్రిస్తుంది. సింపైలో పద్ధతి లేకపోతే ‘నాట్ ఇంప్లిమెంటెడ్’ అనే ఎర్రర్ వస్తుంది. మేపుల్ అసలేమీ ముద్రించకుండా ఊరుకోవచ్చు. అప్పుడు సాధనలు తప్పిపోయి ఉండొచ్చన్న హెచ్చరిక వచ్చిందా అని చూసుకోవాలి.

అయితే ఖాళీ జవాబుకు అతి మామూలు కారణం గణితంలో ఉండదు, టైపింగులో ఉంటుంది. పైథాన్‌లో రెండు ఈక్వల్స్ గుర్తులు పెడితే అది సమీకరణం కాదు, ‘ఈ రెండూ ఒకేలా రాసి ఉన్నాయా?’ అన్న పోలిక. కాదు కాబట్టి ‘ఫాల్స్’ అని తేలి, సాల్వ్‌కి ఆ ఒక్క మాటే చేరుతుంది. సింపైలో ఈక్యూ వాడాలి, లేదా అంతా ఒక వైపుకు తెచ్చి రాయాలి. మేథమెటికాలో దీనికి సరిగ్గా తలకిందులు: సమీకరణానికి రెండు గుర్తులు, ఒక్కటి పెడితే విలువ కట్టబెట్టడం. మాక్సిమాలో విలువ ఇవ్వడానికి కోలన్, సమీకరణానికి ఒక్క ఈక్వల్స్. రెండు సాఫ్ట్‌వేర్‌ల మధ్య తిరిగేవారికి ఈ పొరపాటు తప్పదు. పొద్దున ఒక అక్షరానికి ఇచ్చిన విలువ సాయంత్రం దాకా గుర్తుండిపోయి, ఆ అక్షరం తెలియని రాశిగా పనికిరాకుండా పోవడం కూడా ఈ కోవలోదే.

రాశి ధనాత్మకం అని ముందే ప్రకటించి మరిచిపోతే సింపై రుణ మూలాల్ని చెప్పకుండా వదిలేస్తుంది. సైన్ క = 1/2 అంటే దాని సాల్వ్ π/6, 5π/6 మాత్రమే ఇస్తుంది. అన్నీ కావాలంటే సాల్వ్‌సెట్ వాడాలి.

పని వరస

మొదట దశాంశాలన్నీ భిన్నాలుగా మార్చుకోవాలి. తర్వాత రేఖీయంగా ఉన్న రాశుల్ని ముందే తీసేయాలి, అది చేత్తో చేసినా సరే. బేసిస్ లెక్కకు ఒక్క రాశి తగ్గడం పెద్ద ఊరట. ఆపైన తేలిక క్రమంలో గ్రోబ్నర్ బేసిస్ తీసి చూడాలి. ముందు పదాల్లో ప్రతి రాశికీ దాని ఒంటరి ఘాతం ఒకటైనా కనిపిస్తే సాధనలు పరిమితం. కనిపించకపోతే ఎక్కడో ఒక సమీకరణం తగ్గిందన్నమాట. బేసిస్ ఒట్టి 1 అని వస్తే సంకీర్ణ సంఖ్యల్లో కూడా సాధన లేదు. ఇవన్నీ సాల్వ్ పిలవకముందే తెలిసిపోయే సంగతులు. చివరికి కావలసింది నాలుగు దశాంశ స్థానాల సంఖ్యే అయితే అసలు ఈ దారి పట్టకుండా సింపైలోని ఎన్‌సాల్వ్, మేథమెటికాలోని ఫైండ్‌రూట్ లాంటి సంఖ్యా పద్ధతులకు పోవడం మేలు. అయితే అవి ఇచ్చిన ఆరంభ బిందువు దగ్గర ఒక్క మూలాన్నే పట్టుకుంటాయి, ఉన్న మూలాలన్నీ చూపుతామని హామీ ఇవ్వవు.

మిగిలింది సరిచూడడం. జవాబును తిరిగి సమీకరణంలో వేస్తే √(3 + 2√2) − √2 − 1 లాంటిది మిగిలి, సున్నా అని తెరమీద రాకపోవచ్చు. నిజానికి 1 + √2ని వర్గం చేస్తే 3 + 2√2, అంటే ఆ సమాసం సున్నానే. సైన్, ఘాతాంక ప్రమేయం, నిరపేక్ష మూల్యం కలగలిసిన సమాసాల్లో ఒకటి సర్వత్రా సున్నా అవునో కాదో అన్ని సందర్భాల్లోనూ తేల్చే పద్ధతే ఉండదని రిచర్డ్‌సన్ 1968లో నిరూపించాడు కాబట్టి, సింప్లిఫై ఎప్పుడూ దారి చూపుతుందన్న భరోసా లేదు. 50 అంకెల దాకా లెక్కిస్తే అనుమానం చాలావరకు తీరుతుంది. కరణులు మాత్రమే ఉన్న సమాసానికైతే అంతకంటే గట్టి పరీక్ష ఉంది. సింపైని దాని కనిష్ఠ బహుపది (ఆ సంఖ్య మూలంగా ఉండే, అకరణీయ గుణకాలున్న అతి తక్కువ ఘాతపు బహుపది) ఏమిటని క అనే రాశిలో అడగాలి. జవాబుగా ఒట్టి క అని వస్తే ఆ సంఖ్య సున్నానే, ఇక అంకెలు లెక్కపెట్టక్కర్లేదు.